రాకాసులు కట్టని గుళ్ళు

(మన నేల తొలి అడుగులు: ఏడో భాగం)

మా ఊరి చెరువు వెనక, తుమ్మచెట్లు పెరిగిన గైరాన్ భూమిలో నడుమెత్తు గుండ్లు గుండ్రంగా పేర్చి ఉండేవి. అలాంటి చుట్లు నాలుగైదు. ఎండాకాలం సెలవుల్లో మేకలు కాసే పిల్లలతో కలిసి వెళ్ళి, ఒక్కో గుండు మీద ఒక్కొక్కరం ఎక్కి కూర్చునేవాళ్ళం. పొద్దుగూకేలోగా మాత్రం ఇంటికి చేరాలి. అది మా బాపమ్మ కట్టడి. "అది రాకాసులు బంతి కూసొని బువ్వ తిన్న జాగ బిడ్డా. తిన్నంక పీటలు ఎత్తకుండనే పోయిన్రు" అనేది. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, గుండెక్కిన ప్రతిసారీ నా ముందు బండిచక్రమంత విస్తరి వేసి ఉన్నట్టు ఊహించుకునేవాణ్ణి.

చాలా ఏళ్ళ తర్వాత, పుస్తకాల్లో అలాంటి చుట్ల బొమ్మలు చూశాక తెలిసింది, నేను ఎక్కి కూర్చున్నది సమాధి అంచు మీద అని. అలాంటి వలయాలను తవ్విన చోటల్లా అడుగున గోతిలోనో, రాతిపలకల పెట్టెలోనో మనుషుల ఎముకలు, కుండలు, ఇనప పనిముట్లు దొరికాయి. సుమారుగా క్రీ.పూ. 1200 నుంచి క్రీస్తు శకం తొలినాళ్ళ దాకా దక్కను, దక్షిణ భారతాల్లో బతికినవాళ్ళు తమ చనిపోయినవాళ్ళకు కట్టిన ఇళ్ళు ఇవి. చరిత్రకారులు బృహత్ శిలా సమాధులు అంటారు. ఊళ్ళలో ఆ మాట ఎవరికీ తెలియదు. రాకాసి గుళ్ళు, రాకాసి గుండ్లు, పాండవుల గుళ్ళు అంటారు. నేను ఈ భాగమంతా ఊరి పేర్లే వాడతాను. కానీ ఆ పేర్లలో ఉన్న ఒక అన్యాయం గురించి కూడా చెప్పాలి.

కిందటి భాగంలో ఉట్నూరు బూడిద దిబ్బల దగ్గర ఆగాం. పశువుల మందలు తోలుకుంటూ, పేడకుప్పలకు నిప్పు పెట్టి, రాతిగొడ్డళ్ళతో అడవి నరికిన మనుషులు వాళ్ళు. వాళ్ళ తర్వాత వచ్చిన పెద్ద మార్పు ఇనుము. రాతిగొడ్డలికి లొంగని మాను ఇనప గొడ్డలికి లొంగింది. కర్రుకు గట్టినేల లొంగింది. ఆ ఇనుముతోపాటే ఈ సమాధులూ మన నేల మీద వేలాదిగా పుట్టుకొచ్చాయి. ఊళ్ళు ఎక్కడున్నాయో చెప్పే ఆనవాళ్ళు మాత్రం తక్కువ. బతికినవాళ్ళు మట్టిగోడల మీద గడ్డి కప్పుకున్నారు, అవి నాలుగు వానలకు కరిగిపోయాయి. చనిపోయినవాళ్ళకు రాయి పెట్టారు, అది నిలిచింది.

ఆ రాయిని దగ్గర నుంచి చూడాలంటే ములుగు జిల్లా అడవికి పోవాలి. వరంగల్ నుంచి ఏటూరునాగారం వెళ్ళే పెద్దరోడ్డు మీద ములుగు, పస్రా దాటితే తాడ్వాయి వస్తుంది. దారిలో పాలంపేట రామప్ప గుడికి మళ్ళే చోట కార్లు, బస్సులు బారులు తీరి ఉంటాయి. 1213లో పూర్తయిన ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. రావలసిందే, వచ్చింది. తాడ్వాయి దగ్గర మేడారం మలుపు ఉంది, రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి లక్షల జనం సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయే దారి అది. నేను పోయిన దామరవాయి ఈ రెండింటికీ కూతవేటు దూరమే అనవచ్చు. అయినా ఆ పొద్దు గుట్ట మీద నేనూ, నాకు దారి చూపిన కోయ పెద్దమనిషీ తప్ప మూడో మనిషి లేడు.

డిసెంబరు నెల. టేకు ఆకులు రాలి బాట మీద పరుచుకుని, అడుగేస్తే అప్పడం నలిగినట్టు చప్పుడు. ముందు నడుస్తున్నాయన చేతిలో చిన్న గొడ్డలి, భుజాన తువ్వాలు. చేను గట్టు దాటుతూ ఒకచోట ఆగి, నా సీసాలోంచి కాసిన్ని నీళ్ళు అడిగి తీసుకుని పక్కకు వెళ్ళి వచ్చాడు. ఎందుకో నేను అడగలేదు. గుట్ట ఎక్కుతుండగా "ఇవి ఎవరు కట్టిన్రే అన్నా?" అన్నాను.

"రాకాసులు సారూ. మనుషులు ఎత్తే బండలేనా ఇవి?"

పైకి చేరాక ఆయన మాట కాదనడం కష్టమనిపించింది. చెట్ల మధ్య రాతి గదులు. నాలుగు వైపులా నాలుగు పలకలు నిలబెట్టి, పైన ఒకే ఒక బండ మూతగా వేసినవి. గది చుట్టూ నేలలో పాతిన రాళ్ళ వలయం. కొన్నింటికి మూతబండ జారి ఒక అంచు నేలను తాకుతోంది. కొన్ని గదుల మధ్యలోంచి చెట్టు మొలిచి, పలకను మెల్లమెల్లగా పక్కకు నెడుతోంది. కొన్ని మాత్రం నిన్న కట్టి వెళ్ళినట్టు ఉన్నాయి. ఇంతమంది ఇన్ని వేల ఏళ్ళుగా ఇక్కడ ఉన్నారు గదా అనిపించి, నాకు తెలియకుండానే చెప్పులు విప్పాను.

ఒక మూతబండను టేపుతో కొలిచాను. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు, అడుగు మందం. గోదావరి లోయలో దొరికే ఇసుకరాయి అది. డెబ్బై ఘనపుటడుగుల ఇసుకరాయి అంటే నాలుగున్నర టన్నుల పైమాట. నిండా కంకర పోసిన ట్రాక్టర్ ట్రాలీని ఊహించుకోండి, ఇంచుమించు అంత బరువు. ఇసుకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, పొర వెంట మేకులు దిగగొడితే పలకలా విడుతుంది. నేల చదునుగా ఉంటే దుంగలు పరచి, తాళ్ళు కట్టి యాభై అరవై మంది లాగవచ్చు. పైకి ఎత్తడానికి, ముందు గది గోడలను నిలబెట్టి, వాటి ఎత్తు దాకా మట్టితో వాలు కట్టి, దాని మీదుగా బండను తోసి, తర్వాత మట్టి తీసేయడం ఒక పద్ధతి. మా ఊళ్ళలో బరువైన రాతిస్తంభాన్ని ఎత్తేటప్పుడు గడ్డపారలతో ఒక వైపు లేపి కింద రాయి పెట్టి, రెండో వైపు లేపి రాయి పెట్టి, జానెడు జానెడుగా పైకి తెచ్చేవాళ్ళు. ఆ పని చూసినవాళ్ళకు దామరవాయి బండలు అర్థమవుతాయి. రాకాసి బలం అక్కర్లేదు. ఒకడు కేకవేస్తే ఊరంతా ఒక్కసారి పట్టు పట్టాలి, అంతే. కానీ ఆ "అంతే" ఎంత పెద్దదో చూడండి. కోత కోసి, గింజ ఇంటికి చేరాక తీరిక ఉండాలి. అన్ని రోజులు అంతమందికి తిండి పెట్టాలి. చనిపోయిన మనిషి కోసం ఆ శ్రమ చేయాలని ఊరందరికీ అనిపించాలి.

ఒక గదికి ఒక పక్క సందు ఉంది. నేల మీద పడుకుని తల లోపలికి పెట్టి టార్చి వేశాను. లోపల, గది పొడవునా, ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి. మన పశువుల కుడితి తొట్టి లాంటిదే, మనిషి పొడవుది. దాన్నిండా ఎండుటాకులు, ఒక ముళ్ళపంది ముల్లు, మూల కాస్త వాననీరు. దక్షిణ భారతంలో ఇలాంటి సమాధులు వేలల్లో ఉన్నా, రాతి గదిలో రాతి తొట్టి పెట్టడం గోదావరి లోయవాళ్ళ ప్రత్యేకత. ఇక్కడా, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక వైపు జానంపేట దగ్గరా ఇదే తీరు. వేరే చోట్ల తొట్టిని మట్టితో చేసి కాల్చారు, కింద పొట్టి పొట్టి కాళ్ళు పెట్టారు. కడప జిల్లా శంఖవరంలో దొరికిన మట్టి శవపేటిక అయితే జంతువు ఆకారంలోనే ఉంటుంది. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది, చూడాలనుకున్నవాళ్ళు అక్కడ చూడవచ్చు.

గది వెలుపల మట్టిలో ఒక చిన్న కుండపెంకు కనిపించింది. అరచేతిలో పెట్టుకుని చూశాను. లోపలి వైపు కాటుకలా నలుపు, బయట ఎరుపు, వేలితో రాస్తే ఇంకా నున్నగా ఉంది. ఈ నలుపు-ఎరుపు కుండలు ఈ కాలానికి గుర్తింపు చీటీల్లాంటివి. కుమ్మరి వీటిని ఆవంలో బోర్లించి కాల్చేవాడు. లోపలికి గాలి ఆడదు, అందుకని లోపలా, అంచు దగ్గరా మట్టి నల్లబడుతుంది. గాలి తగిలిన బయటి వైపు ఎర్రబడుతుంది. ఒకే నిప్పులో రెండు రంగులు. ఆ పనితనం తెలిసిన చేయి ఎవరిదో గాని, పెంకు అంచున ఆ చేతివేళ్ళ ఒరిపిడి గీతలు కనిపిస్తున్నాయి. తీసినచోటే పెట్టేశాను. పెంకు ఎక్కడ పడి ఉందో అదే దాని చిరునామా. జేబులో వేసుకున్న మరుక్షణం అది ఉత్త పెంకు అవుతుంది.

ఇప్పుడు ఆ అన్యాయం సంగతి. ఇవి ఎవరు కట్టారన్న ప్రశ్నకు మనవాళ్ళు రాకాసులన్నారు, పాండవులన్నారు. కొప్పళ జిల్లా హిరేబెణకల్ గుట్ట మీద వందల సంఖ్యలో ఇలాంటి గదులున్నాయి, ఒకప్పుడు అదీ నిజాం రాజ్యమే. అక్కడి జనం మోరియరు అనే మరుగుజ్జు జాతి కట్టుకున్న ఇళ్ళంటారు. పొడుగువాళ్ళో పొట్టివాళ్ళో గాని, మనలాంటివాళ్ళు మాత్రం కాదట. సరే, అది జానపదం. చదువుకున్న దొరలు వచ్చి ఏం చేశారు?

ఫిలిప్ మెడోస్ టేలర్ నిజాం కొలువులో పనిచేసిన ఇంగ్లీషువాడు. ఠగ్గుల మీద 1839లో రాసిన నవలతో ఇంగ్లండులో పేరు మోగిపోయినవాడు. సురపురం సంస్థానం వ్యవహారాలు చూస్తూ, 1850ల తొలినాళ్ళలో ఆ చుట్టుపక్కల జేవర్గి వంటి చోట్ల రాతి వలయాలను తవ్వించాడు. దక్కనులో ఈ సమాధులను పద్ధతిగా తవ్వి, కోత బొమ్మలు గీసి, ఏ పొరలో ఏముందో రాసిపెట్టిన తొలి మనిషి ఆయనే. ఆ శ్రద్ధకు ఇవాళ్టికీ దండం పెట్టాలి. కానీ ముగింపు రాసేసరికి ఆయన కళ్ళకు తన దేశపు సమాధులు కనిపించాయి. కెల్టులు, డ్రూయిడ్లు, సిథియన్లు అని రాశాడు. యూరపు నుంచో మధ్య ఆసియా నుంచో వచ్చిన జాతి ఇక్కడ ఈ రాళ్ళు నిలిపిందని ఆయన నమ్మకం.

1868లో మల్హెరన్ అనే సర్వే అధికారి గోదావరి అడవుల్లో తిరుగుతూ ఈ గదుల పక్కన మనిషి ఆకారంలో, చేతులు చాచి నిలబడ్డ రాళ్ళను చూశాడు. ఆయన రాసిన ఊళ్ళలో కాటాపూర్ ఒకటి, ఇప్పటి తాడ్వాయి మండలంలోదే. చేతులు చాచిన రాయి ఆయన కంటికి క్రైస్తవుల శిలువలా కనబడింది. నాలుగేళ్ళ తర్వాత, 1872లో, జేమ్స్ ఫెర్గూసన్ ప్రపంచపు ముతక రాతి కట్టడాల మీద తెచ్చిన పెద్ద పుస్తకంలో కాటాపూర్ శిలువ బొమ్మ అచ్చయింది. ఎప్పుడో ఇక్కడ క్రైస్తవ సమాజం ఉండి ఉంటుందన్న వాదం కొన్నాళ్ళు నడిచింది. ఆ రాళ్ళలో కొన్నింటికి ఆడమనిషి వక్షం చెక్కి ఉంది. శిలువకు వక్షం ఎందుకుంటుందని అడిగిన మనిషికి జవాబు అక్కడే దొరికేది. ములుగు అడవిలో తొట్టిగుట్ట, దొంగతోగు అనే చోట్ల ఇలాంటి మానవాకార శిలలున్నాయి. చిత్తూరు జిల్లా మిడిమల్లలోనూ, తమిళనాడు మోట్టూరులోనూ వీటి చుట్టాలున్నాయి. గది కట్టినవాళ్ళే, ఆ గదిలో పడుకున్న మనిషికి గుర్తుగానో, కాపలాగానో నిలబెట్టిన రాతిమనుషులు అవి. ముఖం ఉండదు. కళ్ళూ నోరూ లేని గుండ్రటి తల, భుజాలు, బారచాచిన చేతులు, అంతే. నన్ను అడిగితే మన నేల మీద మనిషి తనను తాను రాతిలో చూసుకున్న తొలి ప్రయత్నాల్లో ఇవి లెక్కకు రావాలి. అమరావతి శిల్పాలకు ముందు పుటలో అచ్చు వేయాలి.

రాకాసులు, పాండవులు, మరుగుజ్జులు, డ్రూయిడ్లు, క్రైస్తవులు. ఇందరికి ఇచ్చిన గౌరవం ఇక్కడే దున్ని, ఇక్కడే ఇనుము కాచి, ఇక్కడే చచ్చిపోయినవాళ్ళకు ఇవ్వడానికి మనసు రాలేదు.

హైదరాబాదులో ఈ పని గాడిన పడింది 20వ శతాబ్దంలో. 1914లో గులాం యాజ్దానీ నాయకత్వంలో నిజాం పురావస్తు శాఖ మొదలైంది. 1916లో హైదరాబాద్ ఆర్కియలాజికల్ సొసైటీ పుట్టింది. సెలవు రోజుల్లో రైలెక్కి భువనగిరి దగ్గర రాయగిరిలో దిగి తవ్విన ఉత్సాహవంతులు వాళ్ళు. నగరం అంచున మౌలాలి గుట్ట చుట్టూ అప్పట్లో రాతి వలయాలు ఉండేవి. వాటిని తవ్విన ఇ.హెచ్. హంట్ 1924లో ఆ వివరాలు అచ్చువేశాడు. కుండల మీద గీసిన గుర్తులను 1917లోనే యాజ్దానీ పట్టికలుగా వేసి, బ్రాహ్మీ అక్షరాలతో పోల్చి చూశాడు. ఒకే గుర్తు ఊరూరా కుండల మీద ఎందుకు కనబడుతుందన్న ప్రశ్న అప్పటిది, ఇంకా తెరిచే ఉంది. మౌలాలి వలయాల చోట ఇప్పుడు రైలు పట్టాలు, ఇళ్ళు. ఆ రాళ్ళు ఏ పునాదుల్లో ఉన్నాయో.

1947లో మార్టిమర్ వీలర్ చిత్రదుర్గ దగ్గర బ్రహ్మగిరిలో తవ్వి ఒక ముచ్చటైన విషయం చూపించాడు. రాతి పెట్టెల నాలుగు పలకలు మూలల్లో సరిగ్గా కలవవు. ఒక్కో పలక అంచు పక్కపలకను దాటి ముందుకు వస్తుంది, పైనుంచి చూస్తే స్వస్తిక్ గీసినట్టు. మన్ను బయటి నుంచి నెడుతున్నకొద్దీ పలకలు ఒకదాన్నొకటి ఆనుకుని బిగుసుకుంటాయి తప్ప లోపలికి పడవు. సున్నం లేదు, మేకు లేదు. తూర్పు పలకకు గుండ్రటి కంత. ఆ కంత ఎందుకు? ఆత్మ వచ్చిపోవడానికని కొందరన్నారు. నాకు ఇంకో జవాబు సబబుగా తోస్తుంది. చాలా సమాధుల్లో దొరికేది ఒక్క మనిషి అస్థిపంజరం కాదు, ఇద్దరు ముగ్గురివి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువమందివి, అదీ విడివిడి ఎముకలు. శవాన్ని ముందు ఎక్కడో బయట ఉంచి, మాంసం పోయాక ఎముకలు ఏరి తెచ్చి పెట్టారు. తర్వాత ఇంట్లో ఇంకొకరు పోతే అదే గదిలో చేర్చారు. మళ్ళీ మళ్ళీ తెరవాల్సిన ఇంటికి గుమ్మం కావాలి కదా.

ఎముకల పక్కన బతుకంతా పేర్చి పెట్టారు. గొడ్డళ్ళు, కత్తులు, బాణపు మొనలు, త్రిశూలాలు, గుర్రపు నోటికి పెట్టే కళ్ళేలు, చిన్న చిన్న గంటలు, ఎర్రటి పూసలు. ఈ ఇనుము మనదే. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు తర్వాతి శతాబ్దాల్లో పశ్చిమాసియా కత్తులకు పోయింది. ఆ కొలిమికి తాత కొలిమి ఈ సమాధుల కాలంలో రాజుకుంది.

ఎముకలు రెండోసారి తెచ్చిపెట్టడం, రాయి నిలపడం వింతగా తోస్తే, మన పక్క కొండల్లోకి చూడండి. ఒరిస్సా, విశాఖ కొండల గదబలు చనిపోయినవాళ్ళ కోసం రాళ్ళు నిలిపి, దున్నలను ఇచ్చి చేసే పెద్ద కర్మ గురించి ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో రాశారు. నిజాం రాజ్యంలో గోండుల మధ్య పనిచేసిన ఆ మానవశాస్త్రవేత్తే. సవరలకూ రాయి పాతే గువార్ అనే కర్మ ఉంది. భద్రాచలం వైపు కోయలు రాయి నిలిపి, బలిచ్చిన పశువు తోకను ఆ రాతికి కట్టేవారని 19వ శతాబ్దం చివరి రాతల్లో ఉంది. దామరవాయి గుట్ట చుట్టూ ఉన్నవి కోయగూడేలే. మూడు వేల ఏళ్ళ నాటి మనిషికీ ఇవాళ్టి గూడెం మనిషికీ తిన్నగా గీత గీయను. మధ్యలో ఎన్ని వలసలో, ఎన్ని కలయికలో. కానీ ఆ రాయి వెనక ఉన్న మనసు ఈ నేలకు పరాయిది కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పెత్రమాస నాడు మనం పెద్దలకు బియ్యం ఇస్తాం. మనకు తెలిసిన మనసే అది.

2017లో తెలంగాణ పురావస్తు శాఖ సిద్దిపేట జిల్లా నంగునూరు మండలం నర్మెట్టలో (జనగామ వైపు నర్మెట్ట వేరు) ఒక సమాధిని తవ్వింది. దాని మూతబండ సుమారు 40 టన్నులు. తీయడానికి భారీ క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. నేను దామరవాయిలో కొలిచిన బండలాంటివి ఎనిమిదో తొమ్మిదో కలిపితే ఆ ఒక్క బండ. క్రేన్ ఎత్తుతుండగా తీసిన ఫొటోను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇనప తీగలు నిగిడి ఉన్నాయి. ఆ బండను అక్కడ పెట్టినవాళ్ళ దగ్గర ఉన్నవి నారతాళ్ళు.

ఇన్ని వేల ఏళ్ళు నిలిచినవి మన ఒక్క తరంలో పోతున్నాయి. నా చిన్ననాటి బంతి పీటలూ పోయాయి. మొన్న వెళ్ళి చూస్తే గైరాన్ భూమిలో ప్లాట్ల హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. వలయాల జాడ లేదు, గుండ్లను పగలగొట్టి కట్టకు రివిట్‌మెంటు వేశారట. ఊళ్ళలో ట్రాక్టర్లు వచ్చాక చేలల్లోని వలయాలు చదునయ్యాయి, గ్రానైటు క్వారీలు గుట్టలనే తినేశాయి. అన్నిటికన్నా నాకు కడుపు మండేది గుప్తనిధుల పిచ్చి. దామరవాయిలోనే ఒక గది నేలను ఎవరో గడ్డపారతో తవ్విపోసిన గొయ్యి చూశాను, పక్కనే నిమ్మకాయ తొక్కలు, కుంకుమ. వాళ్ళకు దొరికేది కుండపెంకులు, ఎముక ముక్కలు, తుప్పుపట్టిన ఇనుము. ఏ అంగట్లోనూ దమ్మిడీ చేయవు. కానీ ఆ మట్టిపొర ఒక్కసారి చెదిరితే, ఏ ఎముక ఏ కుండ పక్కన ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని దాని ఆదేశం. 2017లో తెలంగాణకు సొంత వారసత్వ చట్టం కూడా వచ్చింది. గుట్ట మీద మాత్రం చట్టం కాదు, ఊరి పెద్దమనిషి కన్ను కాపలా కాస్తోంది.

కాపలా అంటే ముడుమాల గుర్తొస్తుంది. నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, కృష్ణానది ఒడ్డున. మక్తల్ మీదుగా రోడ్డు, రాయచూరు దగ్గరి పట్నం. అక్కడ గదులు కాదు, నిలువురాళ్ళు. దాదాపు ఎనభై ఎకరాల్లో పన్నెండు, పద్నాలుగు అడుగుల ఎత్తు రాళ్ళు ఎనభై వరకూ, వాటి మధ్య వరుసలు తీర్చిన చిన్న రాళ్ళు వేలల్లో. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు ఏళ్ళ తరబడి అక్కడ కొలతలు తీసుకున్నారు. ఏడాదిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున, పగలు అతి పొడవైన, అతి పొట్టిదైన రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు కొన్ని రాళ్ళ వరుసలు సరిపోతాయని చూపించారు. ఒక రాతి మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని గుర్తించిందీ ఆయనే. 2025 మార్చిలో ముడుమాల యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

ఆ రాళ్ళు ఇన్నాళ్ళు ఎవరి దయతో నిలిచాయి? ఊరివాళ్ళు వాటిని నిలువురాళ్ళ తిమ్మప్ప అంటారు. ఒక రాతిని ఎల్లమ్మగా కొలుస్తారు. తొలి వెలుగులో నేను అక్కడ నిలబడినప్పుడు ఆ రాళ్ళ నీడలు కంది చేల మీదుగా ఎంతో దూరం పరుచుకుని ఉన్నాయి. ఎల్లమ్మ రాతికి పసుపు పచ్చగా తడిగా ఉంది, అంత పొద్దున్నే ఎవరో వచ్చిపోయారు. దేవత అయింది కాబట్టి ఆ రాయిని ఎవరూ ముట్టుకోలేదు.

వెళ్ళదలచినవాళ్ళకు నాకు తెలిసినంత చెబుతాను. ముడుమాలకు తెల్లవారేలోపే చేరండి, ఎండెక్కితే నీడలుండవు, నీడలు లేకపోతే వరుసలు అర్థం కావు. ములుగు వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచికాలం. వానల్లో వాగులు పొంగుతాయి, ఎండల్లో అడవి నిప్పులా ఉంటుంది. ఏటూరునాగారం అభయారణ్యం దగ్గరే కాబట్టి అటవీ శాఖవాళ్ళను అడిగి, ఊరి మనిషిని తోడు తీసుకుని, ఆయన రోజుకూలి ఆయనకు ఇచ్చి వెళ్ళండి. మూతబండల మీదికి ఎక్కకండి, ఫొటో కోసమైనా సరే. కింద పలక ఎక్కడ చిట్లి ఉందో మనకు తెలియదు. సుద్దముక్కతో కూడా ఏమీ రాయకండి. పిల్లల్ని తప్పక తీసుకెళ్ళండి. ముందుగా హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఈ కాలపు కుండలు చూపించి తీసుకెళితే, గుట్ట మీద పెంకు కనబడగానే వాళ్ళే గుర్తుపడతారు.

దామరవాయి నుంచి దిగి వస్తున్నప్పుడు పొద్దు వాలింది. పొద్దున ఆయన నా సీసా తీసుకుని ఆగిన చేను గట్టు దగ్గరే మళ్ళీ ఆగాడు. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. గట్టు పక్కన ఇప్పచెట్టు కింద మోకాలెత్తు రాయి నిలబెట్టి ఉంది. పలుచటి పలక. గుట్ట మీది రాయి లాంటి ఇసుకరాయే. పొద్దున పోసిన నీళ్ళ తడి దాని మొదట్లో ఇంకా ఆరలేదు.

"ఇదెవరన్నా?"

"మా తాత సారూ."

"ఎవరు పెట్టిన్రు?"

నా ప్రశ్న ఆయనకు వింతగా అనిపించినట్టుంది. నా ముఖంలోకి ఒకసారి చూశాడు. "మేమే. మా నాయిన, చిన్నాయినలు. ఆ గుట్ట మీదికెల్లి తెచ్చిన్రు" అని, సీసాలో మిగిలిన నీళ్ళు రాతి నెత్తిన పోసి, తువ్వాలు దులుపుకుని ముందు నడిచాడు.

(సశేషం)